కడపకు సముద్రం మద్రాసులో ఉండేది

మా మద్రాసు మామ పోయినాడు. ఎనభై దాటిన మనిషి, రెండేళ్లుగా మంచంలోనే ఉన్నాడు, అందుకని ఎవరమూ గుండెలు బాదుకోలేదు. కర్మంతరానికి కడప నుంచి ఒక వ్యాను నిండా బంధువులం రాయపురం పోయాం. భోజనాలయ్యాక అందరం చాపల మీద కూలబడితే మామ మనవడు, బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్నవాడు, ఉన్నట్టుండి అడిగాడు: "తాత రిటైరయ్యాక కూడా ఈ ఊరు ఎందుకు వదల్లేదు? ఇక్కడ ఏముందని?" ఎవరూ జవాబు చెప్పలేదు. ఇంతలో కాఫీలు వచ్చాయి, మాట దారి మళ్లింది. ఇంటికొచ్చాక కూడా నాకు ఆ మాట పోలేదు. వాడికి చెప్పాల్సింది చాలా ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఊరుకున్నా. అదే ఇక్కడ రాస్తున్నా, వరుసా వావీ లేకుండా, గుర్తొచ్చింది గుర్తొచ్చినట్టు.

మామ మా అమ్మకు తమ్ముడు. మద్రాసు హార్బర్‌లో టాలీ క్లర్కు. ఓడలోంచి దిగే బస్తాలు, ఓడలోకి ఎక్కే బస్తాలు లెక్కపెట్టడం ఆయన ఉద్యోగం. నాలుగు నిలువు గీతలు, అయిదోది అడ్డగీత, అట్లా ఓడ ఖాళీ అయ్యేదాకా. ఆ అలవాటు డ్యూటీ దిగినా పోయేది కాదు. మమ్మల్ని ఎక్కడికి తీసుకుపోయినా జేబులో సిగరెట్ పెట్టె అట్టముక్క, చెవి మీద పెన్సిల్ ముక్క ఉండాల్సిందే. బస్సు ఎక్కేముందు పిల్లలకు గీతలు, దిగాక మళ్లీ గీతలు, రెండూ సరిపోతేనే అడుగు ముందుకు. ఒకసారి గిండీ పార్కులో లెక్క ఎక్కువొచ్చింది. ఎవరి పిల్లాడో మాలో కలిసిపోయి మా బఠాణీలు తింటూ నిలబడ్డాడు. వాళ్లమ్మ ఏడ్చుకుంటూ వచ్చి వాణ్ని లాక్కుపోయేదాకా మామ ఆ గీత కొట్టేయలేదు, సరుకు అప్పజెప్పకుండా చీటీ ఎట్ల మూస్తాం అని.

మాది కడప. నీళ్లంటే మాకు బుగ్గవంక, అదీ వానాకాలంలో. పెన్నలో సగం రోజులు ఇసుకే. ఎండాకాలం సెలవులు వస్తే రాళ్లు కూడా సెగలు కక్కేవి, రాత్రిళ్లు మిద్దె మీద నీళ్లు చల్లి పడుకున్నా వీపు కాలేది. మరి మేము సముద్రం చూడాలంటే మద్రాసే. విశాఖపట్నం అనేది మాకు మ్యాపులో ఉండే ఊరు. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా మా జిల్లా మద్రాసులోనే ఉండె గదా, మా అవ్వకు అది చివరిదాకా ఉత్త "పట్నం". "పట్నం పోతాండాం" అంటే చాలు, ఏ పట్నం అని ఎవరూ అడిగేవాళ్లు కాదు.

పగటి బండి

రాత్రి మెయిల్ ఉన్నా నాయన పగటి బండే ఎక్కించేవాడు. పిల్లలు దారి చూడాలి, ఊళ్లు నేర్చుకోవాలి అనేవాడు, బడిపంతులు గదా. సామాను చెప్పనలవి కాదు. ఒక ట్రంకు పెట్టె, ఒక హోల్డాలు, మరచెంబు, నిప్పట్ల డబ్బా, చెనక్కాయ పొడి, తమ్ముడికని అమ్మ మూటకట్టిన రాగిపిండి. చిత్రాన్నం పొట్లాలు ఒంటిమిట్ట దాటకముందే విప్పేవాళ్లం. గోపురం కనబడగానే అవ్వ రైలు పెట్టెలోనే లేచి నిలబడి దండం పెట్టేది, మా చేత పెట్టించేది, ఆ తర్వాతే ముద్ద నోట్లోకి.

నందలూరులో అప్పటికింకా బొగ్గు ఇంజన్ల షెడ్డు ఉండేది. బండి అక్కడ ఆగితే మగపిల్లలు కిటికీలకు వేలాడేవాళ్లు. ఆవిరి బుసలు, ఇనుము మీద సుత్తి దెబ్బలు, నల్లటి బనియన్ల మనుషులు. చెయ్యేరు వంతెన మీద చప్పుడు మారేది, అందరం నోళ్లు మూసుకొని వినేవాళ్లం. తర్వాత రాజంపేట, ఓబులవారిపల్లె, కోడూరు. కోడూరులో మామిడికాయల బుట్టలు కిటికీల దగ్గరికే వచ్చేవి. రేణిగుంటలో సగం బండి ఖాళీ అయ్యేది, తిరపతి పోయేవాళ్లు దిగిపోతారు గదా. అక్కడినుంచి పుత్తూరు, తిరుత్తణి, అరక్కోణం. స్టేషన్ బోర్డుల మీద తెలుగు పోయి గుండ్రంగా తమిళం మొదలయ్యేది, మా చెల్లెలు వాటిని జాంగ్రీలు అనేది.

బేసిన్ బ్రిడ్జి దగ్గర బండి ఆగిపోయేది. ఎప్పుడూ అంతే, ఊరు కనబడతానే ఉంటుంది, సిగ్నల్ రాదు. చెమట, మురికికాలవ వాసన, దాని అడుగున ఎక్కడో ఉప్పు వాసన. నాయన గడియారం చూసుకుంటూ సణిగేవాడు. సెంట్రల్‌లో పుస్తకాల అంగడి పక్కన మామ నిలబడి ఉండేవాడు, తెల్ల ప్యాంటు, చెవి మీద పెన్సిల్. పలకరింపులన్నీ తర్వాత, ముందు మా తలలు లెక్క.

రాయపురం ఇల్లు

మామ ఉండేది ఒక పొడుగాటి వరుస ఇళ్లల్లో ఒక వాటా. మధ్యలో అందరికీ ఒకే వాకిలి, ఒక బోరింగు పంపు. ఆ నీళ్లు ఉప్పన. తాగే నీళ్లు వీధి కొళాయికి తెల్లవారుజామున వచ్చేవి, బిందెల వరుసలో తెలుగు, తమిళం రెండింట్లోనూ తిట్లు వినబడేవి. అత్త రెండు భాషల్లోనూ గట్టిదే. కడపలో నీళ్ల కరువు చూసి పెరిగిన మేము సముద్రం పక్కన కూడా నీళ్ల కరువేనా అని నోరు తెరిచాం. చాన్నాళ్ల తర్వాత, 1996లో, తెలుగుగంగ నీళ్లు శ్రీశైలం నుంచి మా జిల్లా మీదుగా సోమశిల, కండలేరు దాటి పూండి చెరువుకు చేరినప్పుడు మామ ఫోన్ చేసి, "ఏం కోడలా, ఇంక మీ నీళ్లే తాగుతాం, మీ రుణం తీరేది కాదు" అన్నాడు. మా నాయన ఊరుకుంటాడా, "మా రాళ్లు వాడుకున్నారు, మా నీళ్లూ తాగండి" అన్నాడు.

రాళ్ల సంగతి నిజమే. ఆ వంటింట్లో గట్టు, అలమర అరలు, తొట్టి మూత, అన్నీ నల్లటి కడప రాళ్లే. మద్రాసులో పాత ఇళ్లు ఎన్నిట్లో చూసినా అంతే, అక్కడ ఆ రాయి పేరే కడప. అవ్వ మొదటిసారి వచ్చినప్పుడు వంటింట్లో ఆ బండ మీద చెయ్యి పెట్టి కాసేపు ఉంచింది. చల్లగా ఉంటుంది గదా. "మా ఊర్లో నెత్తి మాడుస్తుంది, ఈడికొచ్చి ఎంత సల్లగుండాదో సూడు" అంది, కూతుర్ని అత్తారింట్లో చూసుకున్నట్టు.

రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. ఓడల కూత. రైలు కూత మాకు అలవాటే గానీ ఇది వేరు, పొట్టలోంచి వచ్చే శబ్దం, కిటికీ ఊచలు అదిరేవి. హార్బర్ యార్డులో వ్యాగన్లు ఒకదానికొకటి కొట్టుకునే చప్పుడు తెల్లవార్లూ. ఒక ఏడాది డిసెంబరు చివర్లో పోయాం. అర్ధరాత్రి పన్నెండు కొట్టగానే హార్బర్‌లో ఉన్న ఓడలన్నీ ఒకేసారి కూత పెట్టాయి. అవ్వ ఉలిక్కిపడి లేచి యుద్ధమొచ్చిందనుకుంది. కొత్త సంవత్సరం అని మామ చెబితే, "మనకు ఉగాది కదరా" అని మళ్లీ ముసుగు తన్నింది.

అవ్వ భయానికి కారణం లేకపోలేదు. 1914 సెప్టెంబర్‌లో ఎండెన్ అనే జర్మన్ ఓడ రాత్రిపూట వచ్చి మద్రాసు మీద గుండ్లు వేసింది, హార్బర్ దగ్గర చమురు ట్యాంకులు తగలబడ్డాయి. జనం మూటలు కట్టుకొని ఊరు వదిలి పరుగెత్తారు. ఆ కథ మా అవ్వ వాళ్లమ్మ నోట విన్నది. మామ మమ్మల్ని హైకోర్టు ప్రహరీ దగ్గరికి తీసుకుపోయి ఆ గుండు పడిన చోట పెట్టిన పలక చూపించాడు. అవ్వ దాన్ని చూసి, "ఓస్, ఇంతేనా" అంది. అంత కథకు ఆమె కొండంత గొయ్యి ఊహించుకొని ఉంటుంది.

మెరీనా

సముద్రం అంటే మాకు మెరీనానే. రాయపురం నుంచి నడిచి పోగలిగినంత దగ్గరలో సముద్రం ఉన్నా అక్కడ ఇసుక లేదు. పెద్ద పెద్ద బండరాళ్లు పోసి ఉండేవి, అలలు వాటిని కొడుతూ ఉండేవి, చేపల వలలు, పడవలు, మా అమ్మ ముక్కుకు కొంగు. ఇక్కడ ఇట్లా, అక్కడ అంత ఇసుక ఎట్లా అని నేను అడిగితే మామ అట్టముక్క మీద బొమ్మ గీశాడు. ఈ తీరంలో అలలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి తోసుకుపోతూ ఉంటాయట. నడుమ హార్బర్ గోడ కట్టారు. గోడకు దక్షిణాన ఇసుక వచ్చి ఆగిపోతుంది, అదే మెరీనా. ఉత్తరాన కొత్త ఇసుక రాదు, ఉన్నది సముద్రం తినేస్తుంది, అదే రాయపురం. ఒకప్పుడు కోట గోడల దాకా అలలు వచ్చేవట. "మా పోర్టు లేకపోతే మీకు బీచీ లేదు, మాకు ఈ రాళ్లూ లేవు" అని తేల్చాడు. స్కూల్లో ఏ భూగోళం మేష్టారూ నాకు ఇంత సులువుగా చెప్పలేదు.

అసలు మద్రాసుకు సహజమైన రేవే లేదట. పాతకాలంలో ఓడలు దూరంగా నిలబడితే, కొబ్బరి తాళ్లతో కుట్టిన మసూలా పడవల్లో మనుషుల్నీ సరుకునీ అలల మీదుగా ఒడ్డుకు తెచ్చేవాళ్లు. గోడ కట్టడం మొదలుపెడితే 1881లో తుఫాను వచ్చి విరగ్గొట్టింది, మళ్లీ కట్టారు. మామ ఈ కథ చెప్పేటప్పుడు ఆ గోడలో తానూ రెండు రాళ్లు మోసినట్టే చెప్పేవాడు.

సాయంత్రం నాలుగు దాటాక బయల్దేరేవాళ్లం. పల్లవన్ బస్సులో కండక్టరు సీట్లోంచి లేవడు, డబ్బులు చేతులు మారి ఆయన దగ్గరికి పోతాయి, టికెట్లు చేతులు మారి మన దగ్గరికొస్తాయి. మా నాయనకు ఇది మింగుడు పడేది కాదు, చిల్లర తిరిగి వచ్చేదాకా మెడ సాచి చూస్తూనే ఉండేవాడు. శ్రమజీవుల విగ్రహం దగ్గర దిగి, బండను దొర్లిస్తున్న ఆ నలుగురినీ ఒకసారి చూసి, చెప్పులు చేతబట్టుకొని ఇసుకలో నడక. ఎంత నడిచినా నీళ్లు రావు. పిల్లలం ముందు పరుగు, వెనక అవ్వ "ఒరేయ్, ఆగండ్రా" అని కేక.

పర్వదినం కాని రోజు సముద్రాన్ని ముట్టుకోకూడదని అవ్వ పట్టు. అందుకని తడి ఇసుకకు ఇవతలే నిలబడి దండం పెట్టి వెనక్కి తిరగబోయింది. అంతలో పెద్ద అల వచ్చి మోకాళ్ల దాకా తడిపేసింది. అందరం బిక్కచచ్చిపోయాం. అవ్వ కాసేపు కిందికి చూసుకొని, "నేను ముట్లేదు, అదే వచ్చి ముట్టింది" అని ఇంకో రెండడుగులు లోపలికి వేసింది. ఆ తర్వాత బయటికి రప్పించడానికి మామ బతిమాలుకోవాల్సి వచ్చింది.

మా అమ్మ అక్కడ వేరే మనిషి. కడపలో వీధి గుమ్మం దాటాలంటే తల మీద కొంగు సర్దుకునే మనిషి, అక్కడ చీర కుచ్చిళ్లు ఎగదోపి అల వెనక్కి పోతుంటే దాని వెంట పరుగెత్తేది. ఇంట్లో అంత పెద్దగా నవ్వడం నేను వినలేదు. నాయన దూరంగా కూర్చొని చెప్పులకు కాపలా కాసేవాడు. ఆడవాళ్లకు ఇల్లు, గుడి, పెళ్లిళ్లు తప్ప ఇంకో చోటు లేని కాలం అది. ఎవరేమనుకుంటారో అనే టెన్షన్ లేకుండా మా అమ్మ గడిపిన సాయంత్రాలు బహుశా ఆ ఇసుకలోవే. ఇది నాకు పెళ్లయి పిల్లలు పుట్టాకగానీ తట్టలేదు.

చీకటి పడేటప్పుడు పెట్రోమాక్స్ దీపాలు వెలిగేవి. "తేంగా మాంగా పట్టాణి సుండల్" అని అరుచుకుంటూ తిరిగే పిల్లలు, బెలూన్లను తుపాకీతో పేల్చే అంగళ్లు, డొక్కలు బయటపడ్డ గుర్రాలు, మిరపకాయ బజ్జీల నూనె వాసన. సుండల్ అంటే గుగ్గిళ్లే, ఆ పొట్లంలో కొబ్బరి ముక్కలూ మామిడి ముక్కలూ ఎక్కువ ఎవరికొచ్చాయని మా మధ్య పంచాయితీ. పొట్లం అడుగున ఎప్పుడూ ఇసుకే.

ఎంజీఆర్ పోయిన తర్వాతి వేసవిలో పోతే ఆయన సమాధి దగ్గర జనం వరుస కట్టి రాతికి చెవి ఆనిస్తున్నారు, లోపల ఆయన చేతిగడియారం కొట్టుకుంటూ వినబడుతుందని. అటువంటివి నమ్మని మా నాయన కూడా అటూ ఇటూ చూసి వంగాడు. ఏం వినబడింది అంటే చెప్పలేదు.

చచ్చిన కాలేజీ, బతికిన కాలేజీ

మా అవ్వ తరానికి ఎగ్మూరు మ్యూజియం చచ్చిన కాలేజీ, జంతువుల జూ బతికిన కాలేజీ. పట్నం పోయొచ్చినవాళ్లను మా ఊళ్లో మొదట అడిగే ప్రశ్న కూడా అదే, రెండు కాలేజీలూ చూసినారా అని.

చచ్చిన కాలేజీలో మాకు నచ్చింది తిమింగలం అస్థిపంజరం. దాని కింద నిలబడి పక్కటెముకలు లెక్కపెట్టేవాళ్లం, మామ పోలికలు మాక్కూడా వచ్చినట్టుంది. నాయన మాత్రం నేరుగా అమరావతి శిల్పాల దగ్గరికి పోయేవాడు. 1845లో ఇలియట్ దొర తవ్వించి మద్రాసుకు తెప్పించిన రాళ్లు. పద్మాలు, ఏనుగులు, స్తూపానికి మొక్కుతున్న మనుషులు. "ఇది మన కృష్ణ ఒడ్డుదిరా" అని ఒక్కో పలక ముందూ ఆగి చెప్పేవాడు, చెప్పి చెప్పి చివరికి గొంతు పెంచేవాడు, కాపలాదారు వచ్చి నోటి మీద వేలు పెట్టి చూపించేవాడు. అవ్వేమో "రాళ్లు మోసేది మనం, కూడబెట్టేది వీళ్లు" అని ఒక్క ముక్కలో ముగించింది.

బతికిన కాలేజీ అప్పట్లో సెంట్రల్ స్టేషన్ పక్కనే, పీపుల్స్ పార్కులో. చిన్న చిన్న పంజరాలు, ఘాటు వాసన, అటూ ఇటూ తిరిగి తిరిగి నేల అరగదీసిన పులి. 1985లో దాన్ని వండలూరుకు మార్చారు. పాతవన్నీ మంచివి అనే జబ్బు నాకూ ఉంది గానీ ఈ విషయంలో మాత్రం లేదు, ఆ జూ పోవడమే మంచిదైంది. వండలూరులో జంతువు కనబడక మనం వెతుక్కోవాలి, అట్లాగే ఉండాలి.

దాని పక్కనే మూర్ మార్కెట్. ఎర్రటి కట్టడం, లోపల ప్రపంచమంతా ఉండేది. పాత పుస్తకాలు, గ్రామఫోను రికార్డులు, చిలకలు, తెల్ల ఎలుకలు, ఎవరివో పాత పెళ్లి ఫోటోల ఫ్రేములు. మామ ముందే హెచ్చరించేవాడు: "ధర అడగొద్దు. అడిగితే కొనేదాకా వదలరు." అమ్మ అడిగేది. అరవం ఒక్క ముక్క రాకుండా వేళ్లతో బేరమాడి యాభై చెప్పిన దుప్పటిని పదిహేనుకు తెచ్చింది, ఇంటికొచ్చి విప్పితే మధ్యలో చిల్లు. నాయన పుస్తకాల వరుసలో మాయమైపోయేవాడు. 1985 మే నెలాఖర్లో మూర్ మార్కెట్ కాలిపోయింది. మామ ఇన్‌లాండ్ లెటర్ రాశాడు నాయనకు, అందులో క్షేమ సమాచారాలు కూడా లేవు, "బావా, పుస్తకాలన్నీ పోయినాయి" అని మొదలు. ఇప్పుడు అక్కడ లోకల్ రైళ్ల స్టేషన్ ఉంది, దానికి మూర్ మార్కెట్ కాంప్లెక్స్ అని పేరు మాత్రం మిగిలింది.

మిగతావి గబగబా చెబుతా. మౌంట్ రోడ్డులో ఎల్ఐసీ బిల్డింగు, పద్నాలుగు అంతస్తులు, పేవ్‌మెంటు మీద నిలబడి లెక్కపెట్టడమే, లోపల పనేముంది. వడపళనిలో స్టూడియోలు, మా జిల్లా పొట్టిపాడు మనిషి నాగిరెడ్డిగారి వాహినీ గేటు ముందు గంటసేపు నిలబడితే కిరీటం చంకలో పెట్టుకొని టీ తాగుతున్న ఒక రాజభటుడు కనబడ్డాడు, ఆ ఒక్కడితోనే ఏడాదంతా స్కూల్లో కోతలు కోశాం. వీజీపీ గోల్డెన్ బీచ్‌లో కదలకుండా నవ్వకుండా నిలబడే మనిషి, మా పెద్దమ్మ కొడుకు వాణ్ని నవ్వించబోయి తానే ఏడ్చినంత పని చేశాడు. గిండీలో పాముల పార్కు, 1972లో రోములస్ విటేకర్ పెట్టింది. అక్కడ అందరూ కుండల్లోంచి తీసే నాగుబాముల్ని చూసి అరుస్తుంటే మా నాయన, "చేనికి పోతే ఊరికే కనబడతాయి, దీనికి టికెట్టా" అని గొణిగాడు. కానీ విషం ఎట్లా తీస్తారో, దాంతోనే కాటుకు మందు తయారవుతుందని చెప్పినప్పుడు ముందుకు జరిగి శ్రద్ధగా విన్నాడు. చేలల్లో పాము కరిచి పోయినవాళ్లు మా ఊళ్లలో తక్కువేం కాదు.

బర్మా బజార్ మాత్రం ఆడవాళ్ల ఖాతా. బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ల కోసం బీచ్ స్టేషన్ దగ్గర పెట్టిన అంగళ్లు. మడతపెట్టే గొడుగు, ఫారిన్ సబ్బు, నీళ్లలో ముంచినా ఆగని గడియారం. గొడుగు కడపలో వాన లేని రోజుల్లో కూడా అమ్మ చేతిలో ఉండేది. గడియారం నీళ్లలో ముంచకుండానే ఆగింది.

గోడ లోపల

ఒక దసరాకు పోయినప్పుడు ఆయుధపూజ రోజు మామ మమ్మల్ని హార్బర్ లోపలికి తీసుకుపోయాడు. అన్ని చూపుల్లోకీ అదే పెద్ద చూపు. క్రేన్లకు అరటి పిలకలు, మామిడాకులు, బొట్లు. గుమ్మడికాయ పగిలిన చోట ఎర్రగా కుంకుమ. ఓడను అంత దగ్గరగా చూస్తే అది ఓడ అనిపించదు, తుప్పు పట్టిన ఇనుప గోడ, పైన ఎక్కడో ఒక తెల్లటి మనిషి సిగరెట్ తాగుతూ మనల్ని చూస్తుంటాడు. చెల్లెలు వాడికి చెయ్యి ఊపింది, వాడూ ఊపాడు.

ఇంకోవైపు ఎర్రటి గుట్టలు. బళ్లారి, హోస్పేట ఇనుప ఖనిజం. ఆ దుమ్ము మీద పడి మా తెల్ల రిబ్బన్లు ఎర్రబడ్డాయి. ఇంకో షెడ్డులో బూడిదరంగు బస్తాలు పేర్చి ఉంటే మామ ఒకదాన్ని తట్టి, "ఇది యాడిదో చెప్పు కోడలా" అన్నాడు. నేను తెల్లమొహం వేశాను. "మన మంగంపేట ముగ్గురాయి." ఓబులవారిపల్లె దగ్గర, మేము రైల్లో దాటి వచ్చిన చోటే, ప్రపంచంలోని పెద్ద గనుల్లో ఒకటి. ఆ పొడిని బురదలో కలిపి చమురు బావులు తవ్వేటప్పుడు వాడతారట, బరువు కోసం. బస్తాల మీద అచ్చులో పరదేశాల పేర్లు. మా రాయి మాకంటే ముందు ఓడెక్కింది. తర్వాత రాజంపేట, కోడూరు, రాయచోటి మనుషులు కూడా కువైట్ పోయారు, కాకపోతే విమానాల్లో.

మామ ఆ బస్తాల మధ్య నడుస్తుంటే కూలీలందరూ "అన్నే" అని పలకరించేవాళ్లు. ఇంట్లో బిందె నీళ్ల కోసం అత్త చేత మాటలు పడే మనిషి, అక్కడ ఆయన గీత పడకపోతే బస్తా కదిలేది కాదు.

1983లో అక్కడ కంటైనర్ల టెర్మినల్ వచ్చింది. పెట్టెలో ఏముందో కాగితం చెబుతుంది, పెట్టెను క్రేన్ ఎత్తుతుంది. లెక్కపెట్టడానికి బస్తాలు తగ్గుతూ వచ్చాయి. రిటైరయ్యే ఏళ్లలో మామ ఆఫీసు గదిలో కూర్చొని రిజిస్టర్లు రాశాడు. ఆ రోజుల గురించి అడిగితే "ఫ్యాను కింద ఉద్యోగం, సుఖమే" అనేవాడు. ఖనిజం గుట్టలు కూడా పోయాయి, దుమ్ము బాధ మీద కోర్టు తీర్పు వచ్చి 2011లో బొగ్గు, ఇనుప ఖనిజం ఆ రేవులో ఆపేశారు. రాయపురం వాళ్ల బట్టలు తెల్లగా ఆరాయి, మంచిదే.

సునామీ వచ్చిన రోజు, 2004 డిసెంబర్ 26, ఆదివారం. టీవీలో మెరీనా చూపిస్తున్నారు, మేము ఆడుకున్న ఇసుక మీద కార్లు తేలుతున్నాయి. రాయపురం ఫోను కలవదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అమ్మ ఫోను పక్కనే కూర్చుంది, అన్నం ముట్టలేదు. చీకటి పడ్డాక మామే చేశాడు, ఎవరో ఎస్టీడీ బూతు నుంచి. నీళ్లు రాళ్ల కట్ట ఎక్కి రోడ్డు దాకా వచ్చాయట, కాశిమేడు పడవలు రోడ్డు మీద పడున్నాయట. తన వీధిలో అందరినీ లెక్క చూసుకున్నాకే ఫోన్ చేశానని చెప్పాడు. అమ్మ తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

లైట్ హౌస్

ఇప్పుడున్న లైట్ హౌస్ 1977లో మెరీనాలో మొదలైంది. అంతకు ముందు 1894 నుంచి హైకోర్టు గుమ్మటం మీదే దీపం ఉండేది. కొత్తది తెరిచిన తొలిరోజుల్లోనే మామ మమ్మల్ని పైకి ఎక్కించాడు. అందులో లిఫ్టు ఉంది. మా జీవితంలో మొదటి లిఫ్టు. అవ్వ అందులో అడుగు పెట్టనంది, తలుపు మూసే గదిలోకి నేను రానని మెట్ల మీదే కూర్చుంది. పైనుంచి చూస్తే ఒక పక్క ఊరు, ఒక పక్క నీళ్లు, ఉత్తరాన హార్బర్, బయట లంగరేసి వరస కోసం చూస్తున్న ఓడలు. కడప ఎటు అని చెల్లెలు అడిగితే మామ వాయువ్యం వైపు తిప్పి నిలబెట్టాడు, అది చాలాసేపు అటే చూసింది.

తర్వాత భద్రత కారణాలతో దాన్ని చూడనీయడం ఆపేశారు. దాదాపు ఇరవై ఏళ్లు. 2013 నవంబర్‌లో మళ్లీ తెరిచారని పేపర్లో పడగానే మామ ఫోను. "పిల్లల్ని తీసుకొని రా కోడలా." పిల్లలు ఎక్కడున్నారు మామా, పెళ్లిళ్లయి తలా ఒక దిక్కు పోయారు అంటే, "నువ్వున్నావు గదా, రా" అన్నాడు.

నేనూ మా ఆయనా పోయాం. డెబ్బై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులు, తెల్ల ప్యాంటు మాత్రం ఇస్త్రీ మడత చెడలేదు. క్యూలో నిలబడి ముందున్న కాలేజీ పిల్లలకు అరవంలో పాఠం చెబుతున్నాడు, ఇది తెరిచినప్పుడే ఎక్కినవాణ్ని నేను అని. వాళ్లు పాపం మర్యాదగానే విన్నారు. పైన గాలికి అందరి జుట్లూ లేచిపోతున్నాయి. మామ ఊచలు పట్టుకొని ఉత్తరం వైపు చాలాసేపు చూశాడు. రంగురంగుల పెట్టెలు, ఒకదాని మీద ఒకటి. "లోపల ఏముండాదో ఎవనికీ తెలీదు, మూసిన సంచి" అన్నాడు. తర్వాత బయట లంగరేసిన ఓడల్ని వేలితో లెక్కపెట్టాడు, మా ఆయన లెక్కకు ఒకటి తేడా వస్తే మళ్లీ మొదట్నుంచి పెట్టించాడు. టైమైపోయింది దిగండి అని గార్డు వచ్చి చెబితే, ఆ తేడా తేలేదాకా దిగనని వాడితో పెట్టుకున్నాడు.

కిందికి వచ్చాక బజ్జీల బండి కనబడింది. అత్త ఇంట్లోంచి పంపేటప్పుడే నాకు గట్టిగా చెప్పింది, షుగర్ ఉంది, నూనెవి ఏవీ తినిపించొద్దని. మామ నా మొహం చూడకుండా ఒక ప్లేటు చెప్పాడు. వద్దు మామా అంటే, "లైట్ హౌస్ తెరవడానికి ఇరవై ఏండ్లు పట్టింది, మళ్లీ ఎప్పుడు తెరుస్తారో" అన్నాడు. దానికీ బజ్జీకీ ఏం సంబంధమో నాకిప్పటికీ తెలియదు. ప్లేటు అయిపోయాక ఇంకోటి చెప్పి, మా ఆయన వాటా కూడా తనే కానిచ్చి, మూతి తుడుచుకొని, "మీ అత్త అడిగితే సుండల్ అని చెప్పు" అన్నాడు. ఇంటికి పోగానే అత్త చొక్కా మీద నూనె మరక చూసింది. మామ నా వైపు, నేను మా ఆయన వైపు. మా ఆయన అబద్ధం చెప్పలేని మనిషి, రెండు ప్లేట్లు అని చెప్పేశాడు.